నోట్లో పెట్టిన బొట్టు

నేను ఒక ఫోన్ సర్వర్‌ని. చూడటానికి ఇనుప పెట్టెనే గానీ, ఒక్క తీగతో ముప్పై మందిని ఒకేసారి మాట్లాడించినదాన్ని. మొదట ఒక బ్యాంకులో మూడేళ్లు "దయచేసి వేచి ఉండండి" అని చెప్పీ చెప్పీ అరిగిపోయి, పాముకాటు సలహా కేంద్రానికి చేరాను. విషానికి మందు ఏ ఆసుపత్రిలో ఉందో చెప్పే చోటది. ఫోనెత్తేది మంగతాయారు. నా బాగోగులు చూసేది మస్తాన్ వలీ. టెలిఫోన్ తీగలతోనే ముప్పై ఏళ్లు కాపురం చేసినవాడు.

నేను చేరిన ఏడాది దసరాకు మంగతాయారు నాకు ఆయుధపూజ చేసింది. నా నుదురెక్కడో తెలియక, తీగ దూరే రంధ్రం చుట్టూ తడి పసుపు పూసి కుంకుమ అద్దింది. ఆ భక్తికి అడ్డు చెబుదామంటే, బొట్టు పెట్టింది నా గొంతులోనే కదా!

మర్నాడు పొద్దున్నే ఒక ఆడమనిషి ఫోన్. "అమ్మా, మా ఆయన్ని కట్లపాము కరిసింది. ఆటో ఎక్కిచ్చినాం. ఏ ఆసుపత్రికి..."

అంతే. నా పచ్చదీపం ఎర్రబడింది. నంబరు రాసుకునేలోపే తెర ఖాళీ అయింది.

"వలీ సాబూ! ఆటో ఎటు తిప్పాలో తెలీక నిలబడుంటారు. దీన్ని ఆపి మళ్లా ఆన్ చేసేదా?"

"ఉండమ్మా. జొరమొచ్చినోణ్ణి లేపి కూచోబెడితే జొరం దిగుద్దా?"

వలీ తీగ పీకి చూశాడు. కొస ఎర్రగా ఉంది. వాసన చూశాడు. "ఓ నా తల్లీ! బొట్టు దీని నోట్లో పెట్టినావే!"

మంగతాయారు ముఖం పాలిపోయింది.

దూదిని స్పిరిట్‌లో ముంచి, లోపలి సన్నని రాగి పళ్లను ఒక్కొక్కటే తుడిచాడు. పసిబిడ్డ చెవి తుడిచినంత ఓర్పు! పచ్చదీపం వెలిగింది. అయినా ఫోన్ మోగలేదు. తీగ చచ్చి ఉన్నప్పుడే నాలోని ఫోన్ ప్రోగ్రాం ముసుగు తన్నింది. వలీ ముందు దాన్ని ఆపాడు. తీగను పట్టుకునే కార్డును లేపాడు. ఆ తరవాతే ప్రోగ్రాంను లేపాడు. "వరస తప్పితే ఇది పలకదమ్మా, పెళ్లి పిలుపుల్లో పెదనాయన లాగా." తెర మీద ముప్పై లైన్లూ వరసగా లేచి నిలబడ్డాయి.

మోగాను.

"ఇందాకట్నించీ చేస్తానే ఉండానమ్మా!"

"ఎక్కడున్నారు తల్లీ?"

"చింతగుంట అడ్డరోడ్డు కాడ."

"ఎడంపక్కకి తిప్పమను. పెద్దాసుపత్రిలో మందుంది. నేను చెప్పి పెడతా."

సాయంత్రం అదే గొంతు నాలోంచి పలికింది. "కళ్లు తెరిసినాడమ్మా." మంగతాయారు ఫోన్ పెట్టేసి నా పక్కనే కూలబడింది. వలీ జేబులోంచి పెన్ను తీసి, నా పైమూల సున్నా చుట్టి, పక్కన "బొట్టు ఇక్కడ" అని రాశాడు.

ఇప్పుడు నేను పాత సామాన్ల గదిలో ఉన్నాను. నా తీగ పోయింది, దీపమూ పోయింది. వలీ రిటైరై వెళ్లాడు. మొన్న దసరాకు మంగతాయారు తలుపు తోసుకుని వచ్చింది. కొంగుతో దుమ్ము తుడిచి, ఆ అక్షరాలు పైకి చదువుకుని, సరిగ్గా ఆ సున్నాలో కుంకుమ అద్దింది.

నోరు మాత్రం ముట్టుకోలేదు.