అనివార్య పరిణామం

వదిన వేళ్లు కీబోర్డు మీద టకటకలాడుతున్నాయి. లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో ఆమె టైపిస్టు. అక్కడి మెకానిక్ ఆమెకు సొంత మరిది. అతను "వదినా" అని కేకేయడం విని కంపెనీ కంపెనీ అంతా ఆమెను అలాగే పిలవసాగింది. ఆఫీసు నిండా మరుదులే, ఒక్కడూ టీ తెచ్చి ఇవ్వడని ఆమె దెప్పేది.

బక్కపలచని మనిషి. ఏళ్ల తరబడి కూర్చుని కూర్చుని కుడి భుజం కాస్త కిందికి దిగిపోయింది. రాత్రంతా ఆస్పత్రి బెంచీ మీద కూర్చోవడంతో కళ్లు ఎర్రబడ్డాయి. నిన్న లిఫ్టు ఉక్కు తాడు తెగి మరిది కిందపడ్డాడు. ఆ తాడు నలిగిపోయింది, మార్చండని అతను ఎన్నిసార్లు మొత్తుకున్నాడో ఆఫీసులో అందరికీ తెలుసు. తెలిసి ఏం లాభం, అందరూ నోట్లో బెల్లంముక్క పెట్టుకుని కూర్చున్నారు.

సాయంత్రం విచారణకు ఇన్‌స్పెక్టరు వస్తాడు. రిపోర్టులో తప్పు ఎవరిదని రాస్తే కేసు ఆ దారినే పోతుంది. ఇంగ్లీషు బాగా వచ్చిన మనిషి కావాలని మేనేజరు ఆమెను ఆస్పత్రి నుంచే పిలిపించాడు. సిగ్గూ ఎగ్గూ లేని పిలుపు.

"ఈ ప్రమాదం మెకానిక్ అజాగ్రత్తకు ఇనెవిటబుల్ కాన్సీక్వెన్స్. అలా కొట్టమ్మా," అన్నాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆ మాట ఆమెకు కొత్త కాదు. నీళ్లు కారే గదిలో మోటారు కాలిపోతే రాసింది. నూనె పెట్టని బేరింగు బిగుసుకుపోతే రాసింది. ఒకటి జరిగాక రెండోది జరిగి తీరాల్సిందే అన్నప్పుడే ఆ మాటకు చోటు.

"తాడు మార్చలేదని రాయొద్దా సార్?"

"అది మన ఇంటి విషయమమ్మా. బజార్న పెట్టుకుంటామా?"

మన ఇల్లట! ఆమె పళ్లు కొరికి టైపు చేసింది. నలిగిన తాడు మార్చకపోవడానికి ఈ ప్రమాదం ఇనెవిటబుల్ కాన్సీక్వెన్స్ అని కొట్టింది. మేనేజరు వెనక నిలబడి చదివాడు.

"ఉద్యోగం మీద ఆశ లేదా నీకు?"

ఆమె జవాబు చెప్పేలోగా ఫోను మోగింది. అవతల ఆమె భర్త.

"తమ్ముడు పోయాడే," అన్నాడు.

ఆమె మొహం చూసి మేనేజరుకు అర్థమైంది. కాసేపు తల వంచుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, "గాయపడిన అన్నచోట మరణించిన అని మార్చమ్మా. మిగతాది నేను చెప్పినట్టే ఉండాలి," అన్నాడు.

నోరారా తిట్టాలనిపించింది. తిడితే ఏడుపొస్తుందని తిట్టలేదు. అతను చెప్పిన ఆ ఒక్క మాటా మార్చి, మిగతాదంతా తను రాసినట్టే ఉంచి, రెండు కాపీలు తీసింది. ఒకటి అతని బల్ల మీద పడేసింది. రెండోది పట్టుకుని మెట్ల మీద కూర్చుంది.

ఇన్‌స్పెక్టరు వచ్చి ఆమె చేతిలోని కాగితం తీసుకుని చదివాడు.

"దీనికి సాక్ష్యం ఎవరు చెప్తారమ్మా?"

"నేనే చెప్తాను. వాడి వదినని."

కాగితం ఆయన దగ్గరే వదిలి ఆస్పత్రికి వెళ్లిపోయింది. మళ్లీ ఆ ఆఫీసు గడప తొక్కలేదు.

మెకానిక్ గదిలో, పనికి బూట్లు తొడుక్కునే ముందు మరిది విడిచిన చెప్పులు బల్ల కింద ఉన్నాయి, రాగానే కాళ్లు దూర్చుకోవడానికి వీలుగా వాకిలి వైపు తిరిగి.