నిద్ర తీరని వాలు

“పేడ లేకపోతే కొంప మునిగిందా? బస్తాలో తెల్ల ఎరువుంది కదా!” పొద్దుటి నుంచి అదే మాట అరుస్తున్నాడు నెమేసియో.

“మందలో సగం అమ్మిందెవరయ్యా?” అన్నాను పొయ్యి ఊదుతూనే. “చేలో గొర్రె పడుకోకుండా దుంప ఊరుతుందా?”

“నీ పుట్టింటి మందైనట్టు ఏడుస్తావేం?”

“అమ్మినవి అక్కణ్ణించి తోలుకొచ్చినవే. మర్చిపోయావా మగడా?”

మా కూతురు దెల్ఫీనా నవ్వాపుకోలేక చారుగిన్నెలో మొహం దాచుకుంది.

మా ఊళ్లో కొండవాలు బంగాళాదుంప ఇచ్చాక ఏడేళ్లు బీడుగా పడుకోవాలి. గొర్రెలు దానిమీద మేసి, పేడ వేసి, మళ్లీ బలం తెస్తాయి. పై వాలుకి ఇది నాలుగో ఏడే. పంట పల్చబడిందని, ఈసారి ముందే తెరుద్దామని ఊరంతా ఒప్పుకుంది. రేపు మొదటి నాగలి మాదే.

ఊరి చివర కసియానో ఇలాగే తొందరపడ్డాడు. తెల్ల ఎరువుకి మొక్కలు నడుం దాకా, నల్లగా కనిపించేంత పచ్చగా లేచాయి. చూసి అందరం కుళ్లుకున్నాం. ఆ లేత కాడల్ని ఒక్క మంచు మసి చేసింది. తవ్వితే గోలీకాయలు. తాతలనాటి విత్తనం దానితోనే పోయింది. ఇప్పుడా చేలో కలుపు కూడా మొలవదు. గొర్రెలు గట్టు దగ్గరే ఆగిపోతాయి.

మా అత్త యులోహియా శాలువాలోంచి పై వాలు మట్టిగడ్డ తీసి చిదిమింది. ఒక్క వేరు పోగు లేదు. పిండిలా రాలింది. నా ముక్కు దగ్గర పెట్టింది.

“వాసనేం లేదత్తయ్యా.”

“ఆకలేసిన నోటికైనా వాసనుంటుందే. దీనికి అదీ లేదు.”

“మట్టి వాసన చూస్తే కడుపు నిండుతుందా అమ్మా?” అని విసుక్కున్నాడు నెమేసియో. నా వైపు తిరిగి, “విత్తనం తియ్యి. తెల్లారే బయల్దేరాలి” అన్నాడు.

విత్తనాల గదిలో మగవాళ్లు అడుగుపెట్టరు. తాళం అత్త నాకిచ్చి ఏడాదైంది. ఆవిడ నా మొహంలోకి చూసింది.

రాత్రి అందరూ తినడానికి కూర్చున్నాక చెప్పాను.

“వాలు మీద దుంప పెట్టను. చేదు చిక్కుళ్లు చల్లుతాను, అవి నేలకి బలం. ఇంటి వెనక దొడ్లో మాత్రం రకానికి నాలుగు నాటుతాను, వాటి వంశం నిలవాలి కాబట్టి. మిగిలిన విత్తనపు దుంపలు రేపట్నుంచి వండుతాను. కొంచెం కొంచెం తిందాం.”