కరీమున్నీసా పాటకి రెండు సిఫారసులు

పోలీస్ స్టేషన్‌కి గానీ, కరెంటాఫీసుకి గానీ ఒంటరిగా వెళ్లే అలవాటు పల్నాడులో ఎవరికీ లేదు. పక్కన ఒక పెద్దమనిషి ఉండాలి. ఆయనకి కుదరకపోతే ఆయన ఫోనన్నా మనకంటే ముందు అక్కడికి చేరాలి. నరసరావుపేటలో పరుపులు కుట్టే కరీమున్నీసాకి ఊహ తెలిసినప్పటి నుంచీ లోకం ఇట్లాగే నడుస్తోంది. అందుకే, తన పాట మీద ఢిల్లీ కాపీరైటాఫీసు విచారణ పెట్టిందని తెలియగానే, లాయరుతో చెప్పకుండా మల్లికార్జునరావు గడప తొక్కింది.

మల్లికార్జునరావు ప్రతిపక్షం నాయకుడు. రెండుసార్లు ఓడినా తెల్లచొక్కా నలగనివాడు.

"నా పాట ఎత్తుకుపోయిన ఆ మైకు సెట్టు మస్తాన్‌రావు వెనకాల రూలింగోళ్లున్నారన్నా," అంది కరీమున్నీసా. "వాళ్లు ఫోన్ చేయించకుండా ఉంటారా? మనం చేతులు ముడుచుకుని కూర్చుంటే ఎట్టా?"

"నువ్వు పరుపులు కుట్టుకో చెల్లెమ్మా. ఢిల్లీ సంగతి నాకొదిలెయ్," అన్నాడాయన.

ఆ పాట ఆమెది. కొట్లో దూది ఏకుతూ, సూదికి దారం ఎక్కిస్తూ కట్టుకుంది.

తెల్లకోక ఆరేసిందెవరే పత్తిచేలో
ఎండమ్మ నేసింది, గాలమ్మ మడిచింది

మాచర్లలో చుట్టాలబ్బాయి యాసిన్ పెళ్లికి వెళ్లి, ఆడవాళ్లంతా డోలక్ చుట్టూ చేరినప్పుడు పాడింది. ఆ పెళ్లికి మైకు సెట్టు మస్తాన్‌రావుది. కొన్నాళ్లకి అదే పాట అధికార పార్టీ ప్రచారం బండి మీద ఊరేగింది. ఎండమ్మ నేసిన కోకని ఈసారి 'మా అన్న' నేశాడు. మస్తాన్‌రావు అంతటితో ఆగక, పాట తనదేనని కాపీరైటుకి దరఖాస్తు పెట్టుకున్నాడు. కరీమున్నీసా కూతురు షాహీన్ తల్లి పాడిన వీడియో యూట్యూబులో పెడితే, అతను ఫిర్యాదు చేసి దాన్ని తీయించేశాడు. ఆ తర్వాత ఎవరింట పెళ్లికి పిలిచినా, "ఆ ఒక్కటీ పాడమాక పిన్నీ, గొడవలొద్దు," అని ముందే చెప్పడం మొదలుపెట్టారు.

అన్నిటికంటే ఆమెని కోసింది అదే. తను కట్టిన పాట తను పాడితే దొంగతనమైంది.

లాయరు రోహిణి ఆ వీధి పిల్లే. మస్తాన్‌రావు దరఖాస్తు మీద అభ్యంతరం వేయించింది, యాసిన్ పెళ్లి వీడియో తెప్పించి జత చేసింది. "మన దగ్గర సాక్ష్యం ఉంది పిన్నీ. ఇంకెవరి కాళ్లూ పట్టుకోబాక," అని మరీ మరీ చెప్పింది. కరీమున్నీసా బుద్ధిగా తలూపింది.

విచారణ వీడియోలో జరిగింది. రోహిణి ఆఫీసు గదిలో లాప్‌టాప్ ముందు కరీమున్నీసా కూర్చునేసరికి, పిలవకుండానే మల్లికార్జునరావు వచ్చి పక్క కుర్చీ లాక్కున్నాడు. తెర మీద ఒక మూల ఢిల్లీ ఆఫీసరమ్మ, నెరిసిన జుట్టు, కళ్లజోడు. ఇంకో మూల తన రికార్డింగ్ గదిలోంచి మస్తాన్‌రావు. అతని పక్కన కూడా ఎవరిదో ఇస్త్రీ చొక్కా మోచెయ్యి కనపడుతోంది.

ఆఫీసరమ్మ హిందీలో ఏదో అడిగింది. రోహిణి మల్లికార్జునరావు వైపు తిరిగి తెలుగులో చెప్పింది. "మీరెవరని అడుగుతున్నారండీ."

"మాజీ జడ్పీటీసీ అని చెప్పమ్మా. జిల్లాలో ఎవర్నడిగినా చెబుతారు."

రోహిణి చెప్పింది. ఆఫీసరమ్మ తల ఊపి, విచారణలో ఇరుపక్షాల వాళ్లు, వాళ్ల లాయర్లు మాత్రమే ఉండాలంది. మల్లికార్జునరావు కుర్చీ లోంచి లేవడానికి కొంత సమయం పట్టింది. అటువైపు మోచెయ్యిని కూడా బయటకి పొమ్మన్నాక ఆయన మొహం కాస్త తేటపడింది.

అప్పుడు ఆఫీసరమ్మ ముందున్న ఫైలు తిప్పింది.

"ఈ కేసు విషయంలో నాకు రెండు ఫోన్లు వచ్చాయి. ఒకటి అటు నుంచి, ఒకటి ఇటు నుంచి. ఎవరు చేశారు, ఏమన్నారు, రెండూ ఫైల్లో రాశాను. కాపీ ఇద్దరికీ వస్తుంది. ఎవరైనా ఏమైనా చెప్పుకుంటారా?"

మాట తెలుగులోకి మారుస్తూనే రోహిణి కరీమున్నీసా వైపు ఒక చూపు చూసింది. చేతిలో ఉన్న కేసుని తన చేత్తోనే గోతిలో వేసుకున్నానని కరీమున్నీసాకి తెలిసిపోయింది.

"నాకేం తెలీదు మేడమ్, ఎవరో అభిమానులు చేసుంటారు," అన్నాడు మస్తాన్‌రావు.

కరీమున్నీసా కొంగు సర్దుకుంది. "నాకు తెలుసమ్మా. నేనే అడిగి చేయించా. అవతలోళ్లు చేయిస్తారని భయపడ్డా. మా దగ్గర ఫోన్ చేయించకపోతే కరెంటు మీటరు కూడా రాదు. తప్పైతే రాసుకో. పాట మాత్రం నాదే."

రోహిణి ఒక్క ముక్క వదలకుండా హిందీలో చెప్పింది. ఆఫీసరమ్మ రాసుకుంది. రాయడం అయ్యాక కళ్లజోడు తీసి, "నిజం చెప్పారు, అదీ రాశాను. ఆ ఫోన్ వల్ల మీకు మేలూ జరగదు, కీడూ జరగదు. వాళ్లదీ అంతే. ఇక పాట సంగతి చూద్దాం," అంది.

పెళ్లి వీడియో వేశారు. తెర మీద షామియానా, పిల్లల గోల. అంతలో పెద్ద గొంతు వినపడింది. "హలో, హలో, మైక్ టెస్టింగ్. ఒరేయ్, ఆ బాక్సు ఆడోళ్ల వైపు తిప్పరా." ఆ గొంతు మస్తాన్‌రావుది. దాని వెనకే డోలక్, కరీమున్నీసా పాట మొదటి చరణం నుంచి చివరి దాకా.

"ఆ మైకు గొంతు మీదేనా?" అని ఆఫీసరమ్మ మస్తాన్‌రావుని అడిగింది.

"నాదే మేడమ్. కానీ పెళ్లిళ్లలో పాడేయి ఎవరియ్యీ కావు. జనం పాటలు. ఎవరైనా పాడుకోవచ్చు."

"ఎవరివీ కానప్పుడు మీ ఒక్కరి పేరున ఎందుకు అడిగారు?"

మస్తాన్‌రావు ఇందాక ఆ ఇస్త్రీ చొక్కా మోచెయ్యి ఉన్న వైపు చూశాడు. అక్కడ ఖాళీ కుర్చీ ఉంది.

ఉత్తర్వు వచ్చేదాకా నరసరావుపేటలో ఒకటే చర్చ. ఆ ఆఫీసరమ్మ ఎవరి మనిషి? ఏ రాష్ట్రం, ఏ కులం, ఎవరు వేయించారు? అధికార పార్టీ వాళ్లు వాకబు చేశారు. మల్లికార్జునరావూ తనకి తెలిసిన నాలుగు నంబర్లకీ ఫోన్ చేశాడు. చివరికి టీ కొట్టు దగ్గర ఒప్పుకున్నాడు.

"ఏం ఆఫీసరో ఏందో. ఎంత గోకినా రంగు బయటపడలా."

"రంగు లేకపోతేనేగా అన్నా తెల్లగుండేది," అంది కరీమున్నీసా, దూది మూట దింపుకుంటూ.

మస్తాన్‌రావు దరఖాస్తు కొట్టేశారు. షాహీన్ వీడియో మళ్లీ కనపడింది. ఉత్తర్వులో రెండు ఫోన్ల సంగతీ పేర్లతో సహా ఉంది. ఆ పేజీ ఊళ్లో ప్రతి వాట్సాప్ గ్రూపుకీ చేరింది. మల్లికార్జునరావు రెండ్రోజులు బయటకి రాలేదు. మూడో రోజు వచ్చి, ఢిల్లీ కాగితంలో తన పేరు ఇంటిపేరుతో సహా తప్పు లేకుండా పడిందని ఒకరిద్దరికి చూపించుకున్నాడు.

ఆ ఊపులోనే పరుపుల కొట్టుకి వచ్చాడు. కరీమున్నీసా బల్ల మీద పరుపు పరిచి బొత్తాలు కుడుతోంది.

"చెల్లెమ్మా, మున్సిపల్ ఎలక్షన్లొస్తున్నయ్. పాట ఇప్పుడు నీదేగా. మన బండి మీద వేసుకుంటాం. 'మా అన్న' తీసేసి నీ ఎండమ్మనే ఉంచుదాం. కాదంటావా?"

కరీమున్నీసా సూది పరుపులోకి దించి, అవతల నుంచి లాగింది.

"కాదనను అన్నా. అవుననీ అనను. అర్జీ పెట్టుకో."

"అర్జీనా? నాకా?"

"ఆ. మస్తాన్‌రావు కూడా పొద్దున పెట్టుకున్నాడు. ఇద్దరి మాటా విని చెబుతా. ఈలోపు ఎవరితోనూ ఫోన్ చేయించమాక, రాసి పెట్టుకుంటా."

కొట్టు లోపల షాహీన్ నవ్వు ఆపుకోలేక దూది మూట వెనక్కి వెళ్లింది. మల్లికార్జునరావు చెప్పులు అరుగు కింద విడిచి, బల్ల చివర కూర్చున్నాడు.

"సరే, రాసుకో. పేరు మల్లికార్జునరావు."