ఏడు ముడుల శాలువా

పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస రేపనగా భాగీరథమ్మ తన ఇనుప పెట్టెలోంచి శాలువా తీసివ్వమని మనవరాలిని అడిగింది. చీరల వెనక వేలాడే దారపు కొసలు కత్తిరిస్తూ కూర్చున్న జమున కట్టర్ పక్కన పడేసి ఒక్క ఉదుటున లేచింది. ఐదు నెలలుగా ఆ పిల్ల ఈ మాట కోసమే ఎదురుచూస్తోంది. బాపమ్మ శాలువా విప్పుతుంది, వేళ్లతో తడుముతుంది, ఎంత నున్నగా ఉందో చూసి "ఎవలు చేసిన్రే గీ పని" అంటుంది. అప్పుడు నవ్వితే చాలు. నోరు తెరిచి చెప్పుకోవడమంటే జమునకు మొదట్నుంచీ కష్టమే.

జమున పదిహేనేళ్ల దాకా సిరిసిల్ల పక్క పల్లెలో అమ్మమ్మ దగ్గర పెరిగింది, అక్కడి బడిలోనే చదివింది. కరోనా వచ్చి బడి మూతపడ్డాక, నిరుడు దసరా వెళ్లిన వారానికి తండ్రి ఉమాకాంత్ వచ్చి సూరత్ తీసుకొచ్చాడు. పదో తరగతి పరీక్ష రాయకుండానే పాసైంది. సర్కారు కట్టించిన కోసాడ్ ఆవాసుల్లో మూడో అంతస్తులో వాళ్ల ఇల్లు. ఇక్కడి హిందీ ఆమెకు అర్థమవుతుంది గానీ గొంతు దాటి రాదు. తెలుగువాళ్లతోనూ అంతే. మెట్ల మీద ఎవరైనా ఎదురైతే గోడకు అతుక్కుపోయి దారి ఇస్తుంది. చెప్పాలనుకున్నవన్నీ డైరీలో రాసుకుంటుంది. ఆ డైరీలో సగానికి పైగా బాపమ్మే ఉంది.

రాయదగ్గ మనిషే మరి. భర్త సోమలింగం వెంట సూరత్‌లోని ఖటోదరాకు వచ్చిన కొత్తలో భాగీరథమ్మకు ఇరవై రెండేళ్లు. ఆయన మిల్లులో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. ఆమె ఇంట్లో పొయ్యి వెలిగించి, ఊరి నుంచి ఒంటరిగా వచ్చి పనిచేసేవాళ్లకు వండిపెట్టేది. రెండు పూటలా ఇరవై మంది. డ్యూటీ దిగి వచ్చేవాళ్లు సగం, ఎక్కేవాళ్లు సగం. అక్షరం ముక్క రాదు. అయినా ఎవరికి వంకాయ పడదో, ఎవరు పెరుగన్నంలో బెల్లం అడుగుతారో, ఒక్కరిదీ తప్పేది కాదు. పక్క గదిలో ఉండే నర్సమ్మ దగ్గర అల్లిక నేర్చుకుంది. మిల్లులో దారపు కోన్ల అడుగున మిగిలిపోయిన పోగులను వాళ్లే తెచ్చి ఇచ్చేవారు. మూడు నాలుగు పోగులు కలిపి, రెండు సూదులతో, అన్నం ఉడికేలోపు నాలుగు వరసలు అల్లేది. ఆ గదుల వరసలో పుట్టిన ప్రతి పసిబిడ్డ నెత్తి మీదా ఆమె అల్లిన టోపీయే ఉండేది. చలికాలం ఊరికి పోయేవాళ్ల మెడ చుట్టూ ఆమె మఫ్లరే. తనకోసం అల్లుకున్నది మాత్రం ఒక్క శాలువా. దొరికిన రంగల్లా కలిసిన శాలువా, అంచు పొడవునా జొన్నగింజంత ముడులు ఏడు.

ఆ ముడులే జమునను ఇబ్బంది పెట్టాయి. మొన్న ఏప్రిల్‌లో బాపమ్మకు కరోనా తగిలి పన్నెండు రోజులు ఆస్పత్రిలో ఉంది. ఇంట్లో ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేని రోజులు. బాపమ్మ తిరిగొచ్చేసరికి ఏదైనా చేసిపెట్టాలని జమున శాలువా తీసి ఉతికింది. అంచు మీద ముడులు కనపడ్డాయి. అమ్మ విజయశ్రీతో కూర్చుని రోజుకు పాతిక చీరలకు దారపు కొసల ధాగా కటింగ్ చేసే చేతులవి. ముడి పైకి కనపడితే పీసు వాపస్, అదొక్కటే ఆ పనిలో సూత్రం. ఒక్కొక్క ముడినే సూదిమొనతో విప్పి, కొసలను ఎక్కడా తేలకుండా లోపలి కుట్లలోకి దూర్చింది. మూడు రోజులు పట్టింది. మడతపెట్టి పెట్టెలో దాచింది. తర్వాత ఎండలు, ఆపై వానలు. శాలువాతో ఎవరికీ పని పడలేదు.

భాగీరథమ్మ శాలువాను ఒళ్లో పరుచుకుని అంచు పట్టుకుంది. ఎడమ నుంచి కుడికి వేళ్లు జరిపింది. మళ్లీ మొదటికి వచ్చింది. శాలువా తిప్పి రెండో అంచు తడిమింది.

"విజయా, గిది నా శాలువా కాదే."

"గదే అత్తా. ఇంకోటి యాడిది మనింట్ల?"

"మరి ముడులేవి?"

"ఏం ముడులు?"

"మనుషులే. ఏడుగురు."

విజయశ్రీ చేతిలో చీర ఆగిపోయింది. ప్రతి పెత్రమాసకూ అత్త శాలువా కప్పుకుని అంచు తడుముతూ ఏదో గొణగడం ఆమె చూసింది గానీ, అదేమిటని ఎన్నడూ అడగలేదు. నిరుటి పెత్రమాస నాటికి జమున ఇంకా ఇక్కడికి రానేలేదు.

"నా చేతి అన్నం తిని, గీ ఊర్లనే పోయినోళ్లు," అంది భాగీరథమ్మ. "పెండ్లాం లేదు, మొగడు లేడు, కొడుకు లేడు. పెద్దలకు బియ్యమిచ్చే నాడు వాళ్ల పేర్లు చెప్పెటోళ్లు ఎవలు? మనోళ్ల పేర్లు నిద్రల లేపినా చెప్త. గీళ్లవి మర్చిపోతనని మనిషికొక్క ముడి ఏసుకున్న. ముడి పట్టుకుంటె మొఖం కనపడ్తది, పేరు అదే వస్తది."

"ఇప్పుడు చెప్పరాదు, జమున రాసుకుంటది."

భాగీరథమ్మ కళ్లు మూసుకుంది. "ఐలమ్మ," అంది. చాలాసేపటికి "రాములు," అంది. అక్కడ ఆగిపోయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమెకు ఊపిరితో పాటు మాటలూ తక్కువయ్యాయి. పేరు నాలుక చివరిదాకా వచ్చి జారిపోతోంది.

"పోనీ అత్తా. వాళ్లేమన్న మన రక్తమా. దేవుడు సమజ్ చేసుకుంటడు."

"దేవుని సంగతి కాదే. పానం పోయేటప్పుడు ఐలమ్మ నా చెయ్యి పట్టుకున్నది. నాకు ఎవలు ఇస్తరక్కా అన్నది. నేనిస్త అన్న. ఒక్కల్లకు మాటిచ్చినా ఏడుగురికి ఇచ్చినట్టే."

"ఎలుకలు కొరికినయో ఏమో మరి."

ఊరుకుంటే ఎలుకల మీదికి పోతుంది. జమునకు అది తెలుసు. లోపలికి పోయి డైరీలో రాసుకుంటే ఇవాళ్టికి గుండె తేలికవుతుంది గానీ, రేపు బాపమ్మ ఖాళీ అంచు పట్టుకుని కూర్చుంటుంది.

"నేనే బాపమ్మా," అంది. తన గొంతు తనకే కొత్తగా వినపడింది. "ముడులు నేనే ఇప్పిన. మంచిగ కనపడాలని."

"నీ చేతులిరుగ, అడగకుంట ఎందుకు ముట్టినవే," అని విజయశ్రీ లేవబోయింది. భాగీరథమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. శాలువాను కంటికి దగ్గరగా తెచ్చుకుని తిరగేసి చూసింది.

"కొసలు ఏడ దాచినవు?"

"లోపటికి దూర్చిన."

"ఒక్కటి గూడ దొరుకుతలేదు." కాసేపు చూస్తూనే ఉంది. "మంచి చెయ్యే నీది. నా చెయ్యి గింత సాఫ్ రాదు. ఒక్క మాట అడిగితే అయిపోతుండె గదనే."

జమున తల ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

"ఏడువకు. పొద్దున జల్దీ లేసి వండుదాం. అయ్యగారు పదకొండుకొస్తడు," అంది భాగీరథమ్మ.

మర్నాడు తెల్లవారుతూనే వంటింట్లో నానిన మినప్పప్పు వాసన. రుబ్బడం జమునది, పొయ్యి విజయశ్రీది. భాగీరథమ్మ పీట మీద కూర్చుని కూరలు తరుగుతోంది. శాలువా ఆమె పక్కనే మడిచి ఉంది. గుమ్మడికాయను రెండు చెక్కలు చేసి గింజలు తీస్తూ ఉన్నట్టుండి చెయ్యి ఆపింది.

"గీ గింజలు పారెయ్యనిచ్చేది కాదు. ఉప్పేసి వేంచి కొంగుల కట్టుకుంటుండె. బాబిన్లు చుట్టుకుంట కటకట కొరికేది. గంగవ్వ."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

జమున చెయ్యి కడుక్కుని పసుపు దారం పోగు తెచ్చింది. శాలువా అంచున ఐలమ్మకు ఒక ముడి, రాములుకు ఒకటి, గంగవ్వకు ఒకటి వేసింది.

"జొన్నగింజంత రావాలె," అంది బాపమ్మ. "దాచకు. మీదికి కనపడనియ్యి."

ఆ తర్వాత వంట ఆపలేదు, పేర్లూ ఆగలేదు. అల్లం దంచుతుంటే రాంప్రసాద్ వచ్చాడు. అన్నంలో ఒక్క అల్లం ముక్క తగిలినా ఏరి కంచం చుట్టూ పేర్చేవాడట. మొదటి గారె నూనెలో పొంగేసరికి దేవదాస్ వచ్చాడు. "పంటి కింద సప్పుడైతెనే పండుగ పెద్దమ్మా" అనేవాడట, మెత్తగా వస్తే మళ్లీ వేయించమని కూర్చునేవాడట. విజయశ్రీ ఆ వాయి ఇంకాస్త ఎర్రగా కాలనిచ్చింది. చిక్కుడుకాయ ఈనెలు తీస్తుంటే సారక్క వచ్చింది. మాస్కులే ఎరగని ఆ రోజుల్లో మిల్లు దుమ్ముకు కొంగు ముక్కుకు చుట్టుకుని పనిచేసి, పొద్దుగూకే వేళ వచ్చి ఈ ఈనెలు తనే తీసిపెట్టేదట, అన్నం ఊరికే తిననని. జమున ముడి వేస్తూ వింటోంది. ఇన్ని నెలలు డైరీలో బాపమ్మ గురించి తను రాసుకున్నది ఏ మూలకూ రాదనిపించింది. ఈ మనిషి ఇరవై మందికి అన్నం పెట్టింది అని రాసింది. ఒక్కొక్క నాలుకనూ ఇన్నేళ్లు మోసింది అని రాయలేదు.

ఆరు ముడులయ్యాయి. పప్పు దిగింది, పులుసు దిగింది, బెల్లం పాశం దిగింది. ఏడో పేరు రాలేదు.

"కంచం కనపడ్తంది," అంది భాగీరథమ్మ. "అంచుకు సొట్ట ఉంటది. తలుపు ఎనక మూలకు కూసుంటుండె. ఏది పెడితే గది తిన్నడు. గిది కావాలె అనలేదు, గిది వద్దు అనలేదు. అడగనోని పేరు ఏ కూరల ఎతకాలె బిడ్డా?"

పదిన్నరైంది. ఉమాకాంత్ అప్పటికే కింద అయ్యగారు వచ్చే పందిరి దగ్గర వరసలో నిలబడ్డాడు. అతనికి తెలిసే వీలు లేదు, అప్పుడు పసివాడు.

"పరమేశ్‌కు తెలుస్తది," అంది విజయశ్రీ. "పెండ్లి గాకముందు మనింట్లనే తిన్నడు గద. ఫోన్ ఎత్తుతలేడు. జమునా, ఉరుకు."

గ్రౌండు ఫ్లోరులో ఉండే పరమేశ్ సాంచెలు మరమ్మతు చేసే మేస్త్రీ. అతని మాట నాలుగో అంతస్తు దాకా వినపడుతుంది. జమున కనపడితే చాలు, "ఉమాకాంతూ, మీ ఇంట్ల ఒక పిల్ల ఉన్నదంటరు, నిజమేనా?" అంటాడు. అతను గడపలో ఉన్నాడంటే ఆమె కిందికే దిగేది కాదు. ఇవాళ మాస్కు పెట్టుకుంది, శాలువా, పసుపు దారం చేతిలో పట్టుకునే మెట్లు దిగింది. రెండో అంతస్తు దగ్గర ఒకసారి ఆగింది. మళ్లీ దిగింది.

పరమేశ్ గడపలో కూర్చుని బంతిపూలు కోసి పళ్లెంలో వేస్తున్నాడు, సాయంత్రం ఇంటివాళ్లు పేర్చే బతుకమ్మకు.

"కాకా."

"ఓర్ని, దీనికి నోరున్నది. ఇంట్లకెల్లి ఎవలన్న యినున్రి, సాక్ష్యం ఉంటరు."

"బాపమ్మ దగ్గర అన్నం తిన్నోళ్లల్ల తలుపు ఎనక మూలకు ఎవలు కూసునేది? సొట్ట కంచం. ఏదీ అడగకపోయేది."

పరమేశ్ చేతిలో పువ్వు అలాగే ఉండిపోయింది.

"మొండయ్య," అన్నాడు. గొంతు తగ్గింది. "నా పక్క సాంచెలే ఆయనవి. జెరమొచ్చి మూడు దినాలల్ల పోయిండు. ఎవ్వలకు చెప్పలే జెరమని గూడ." పళ్లెం పక్కకు జరిపాడు. "నేను ఆయన కంచంలకెల్లి గారె గుంజుకుని తింటుంటి బిడ్డా, మజాక్‌కు. నవ్వెటోడు. ఇంకోటి అడుగుతడు తియ్ అనుకునేది. అడగలే." లేచి చొక్కా సరిచేసుకున్నాడు. "పద. నేనూ వస్త."

ఏడో ముడి జమున మెట్ల మీదే వేసింది.

కింద రేకుల పందిరిలో అయ్యగారు ఎడం ఎడంగా కుర్చీలు వేయించి కూర్చున్నారు. భాగీరథమ్మ శాలువా భుజం మీద కప్పుకుని, బియ్యం, పప్పు, గుమ్మడికాయ ముక్క, చింతపండు, ఉప్పు ఉన్న పళ్లెం ముందు పెట్టింది. ఇంటి పేర్లు గడగడా చెప్పింది. తర్వాత వేళ్లు అంచు మీదికి వెళ్లాయి.

"ఐలమ్మ. రాములు. గంగవ్వ." అక్కడ దగ్గు తగులుకుంది. ఆగలేదు. ఉమాకాంత్ నీళ్లు పట్టాడు. ఆమె నోరు కదుపుతోంది గానీ శబ్దం లేదు. వెనక ఇంకా పాతిక ఇళ్లవాళ్లు నిలబడి ఉన్నారు, అయ్యగారు వరస వైపు చూశారు. పరమేశ్ ముందుకు కదిలాడు. అప్పటికే జమున వంగి, బాపమ్మ వేళ్ల పక్కనే తన వేళ్లు పెట్టి నాలుగో ముడి పట్టుకుంది.

"రాంప్రసాద్," అంది.

"వినపడతలేదమ్మా. గోత్రం?"

"గోత్రం తెల్వది అయ్యగారూ," అంది జమున, ఈసారి పందిరి చివరి దాకా వినపడేలా. "మా బాపమ్మ చేతి అన్నం తిన్నోళ్లు. దేవదాస్. సారక్క. మొండయ్య."

భాగీరథమ్మ దగ్గు మధ్యలోంచి ఆ చివరి పేరు విని తల తిప్పింది. పేరు దొరికిందని ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు. శాలువా మీదున్న మనవరాలి చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది. అయ్యగారు నీళ్లు వదిలించారు.

మధ్యాహ్నం డాబా మీద పిట్టగోడపై కాకులకు విస్తరి పెట్టారు. జమున ఒక్కొక్కటే వడ్డించింది. పప్పు, పులుసు, చిక్కుడుకాయ, ఎర్రగా కాలిన గారెలు ఏడు. అందరూ వెనక్కి జరిగాక ఆమె మళ్లీ గిన్నెలో చెయ్యి పెట్టి ఇంకో గారె తీసి విస్తరి మూలకు పెట్టింది.

"గది ఎవలకే?" అన్నాడు పరమేశ్.

"మొండయ్య తాతకు. ఆయన అడగడు గద."

పరమేశ్ గోడ అవతలికి చూశాడు. మెట్ల మీద కూర్చుని ఊపిరి కూడదీసుకుంటున్న భాగీరథమ్మ అక్కడినుంచే చెయ్యి ఊపింది.

"దాని మీద పులుసు గూడ పొయ్యి," అంది.