దాచిపెట్టుకున్న ఆటగాడు

మా ఊళ్లో గోల్ఫ్ మైదానం లేదు. చుట్టూ ఉన్నదంతా మొక్కజొన్నే. గోల్ఫ్ ఆడే చోటికి నలభై మైళ్లు వెళ్లాలి. మా నాన్న ఎప్పుడూ వెళ్లలేదు. అయినా జనవరి నుంచి ఆగస్టు దాకా, డార్లీన్ హోటల్లో పొద్దున్నే కాఫీ తాగే పదకొండు మందీ గోల్ఫ్ తప్ప ఇంకో మాట మాట్లాడరు. నన్ను స్కూల్లో దింపే ముందు నాన్న అక్కడ ఆగుతాడు కాబట్టి అంతా వినక తప్పదు నాకు.

పందెం ఇలా నడుస్తుంది. ప్రతి వారం ఒక్కొక్కరూ ఒక ఆటగాడి పేరు చీటీ మీద రాసి కాఫీ డబ్బాలో వేయాలి. ఆ వారం అతను ఎంత బహుమతి గెలిస్తే వీళ్లకు అన్ని మార్కులు. ఒకసారి రాసిన ఆటగాణ్ని ఆ ఏడాది మళ్లీ రాయకూడదు. డబ్బాలో పడిన చీటీని వెనక్కి తీసుకోకూడదు. చివరికి అందరికన్నా వెనకబడినవాడి ఇంట్లోంచి ఒకరు, హైస్కూల్ ఫుట్‌బాల్ మొదటి ఆట రోజున మైకు ముందు నిలబడి జాతీయ గీతం పాడాలి.

"మా ఇంట్లోంచి కోరీ పాడుతుంది," అని నాన్న జనవరిలోనే మాటిచ్చేశాడు.

కోరీ అంటే నేనే. స్కూల్లో హాజరు పిలిస్తే చెయ్యెత్తుతాను గానీ నోరు విప్పను.

"భయపడకే తల్లీ. మనం ఓడితే కదా!"

ఆయన ధైర్యమంతా ట్రెంట్ హాలోరన్. ఆ ఏడాది కాలు పెట్టిన ప్రతి చోటా గెలుస్తున్నవాడు. మిగతా పది మందీ మార్చిలోపే అతని పేరు రాసేసుకున్నారు. నాన్న రాయలేదు. కొత్త టైర్లు కొని, అరిగిపోతాయని షెడ్డులో పెట్టి పాతవాటి మీదే ట్రక్కు నడిపే మనిషి ఆయన. వారం వారం ఎవరూ వినని పేర్లు రాశాడు. అందులో ఒకడు నడుం పట్టేసి సగంలో వెళ్లిపోయాడు. ఇంకొకడు తను కొట్టిన దెబ్బల లెక్క తప్పుగా రాసి, దానికింద సంతకం పెట్టి, పోటీలోంచే పోయాడు.

"ఏం డ్వేన్, ఆ హాలోరన్‌ని మ్యూజియంకి ఇస్తావా ఏంటి?" అనేవాడు దాణా కొట్టు వర్జిల్.

"నవ్వవయ్యా, నవ్వు. ఆఖరి వారం ఏడుద్దువుగాని."

ఏడాది చివర మూడు పెద్ద పోటీలుంటాయి. కానీ ఫుట్‌బాల్ దగ్గర పడ్డాక మా ఊళ్లో గోల్ఫ్ ఎవరికీ పట్టదు. అందుకని మావాళ్ల పందెం ఆ మూడింటిలో మొదటిదానితోనే ముగుస్తుంది. నాన్న హాలోరన్‌ని దాచింది ఆ వారానికే. అప్పటికి ఆయనది పదకొండో స్థానం.

ఆ వారానికి ముందు శనివారం ఫోన్లో వార్త చూశాను. హాలోరన్ అందరికన్నా ఎంత ముందున్నాడంటే, ఆ మొదటి పోటీ ఆడకపోయినా మిగతా రెండింటిలో అతని చోటుకు ఢోకా లేదట. అందుకే ఆడకుండా చేపలు పట్టడానికి వెళ్తున్నాడట.

ట్రక్కులో చెప్పాను. రేడియో మోతలో నా గొంతు నాకే వినపడలేదు. రాత్రి భోజనాల దగ్గర మళ్లీ చెప్పాను.

"అవన్నీ పందేలవాళ్లు పుట్టించే మాటలే పిచ్చిదానా," అన్నాడు నాన్న, బంగాళాదుంపల గిన్నె ముందుకు లాక్కుంటూ. "మనలాంటి తెలివిగలవాళ్లని బెదరగొట్టాలని!"

సోమవారం అందరికీ చూపించి మరీ చీటీ డబ్బాలో వేశాడు. వర్జిల్ ఆ పేరు చూశాడు. చక్కెర లేని కాఫీని చాలాసేపు కలిపాడు.

గురువారం పొద్దున టీవీలో ఆడేవాళ్ల పేర్లు వచ్చాయి. హాలోరన్ లేడు.

"సౌండు పెంచు డార్లీన్, పెంచు!" అన్నాడు నాన్న.

పెంచినా లేడు. తర్వాత అతని ఫొటో వేశారు. రెండు చేతులా చేపను ఎత్తి పట్టుకుని నవ్వుతున్నాడు.

"చేప మాత్రం పెద్దదే పట్టాడు," అన్నాడు వర్జిల్.

హోటలంతా ఒకటే నవ్వు. నాన్న కప్పు పక్కకు జరిపి నావైపు తిరిగాడు. "సరేలే. వచ్చే శుక్రవారం ఏ గౌను వేసుకుంటావ్ కోరీ?"

"పాడను."

మామూలుగా అన్నాననుకున్నాను. నవ్వులు ఆగిపోయాయి. వంటవాడు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏమన్నావ్?" అన్నాడు నాన్న.

"చెప్పాను కదా అతను ఆడట్లేదని. రెండుసార్లు చెప్పాను. నువ్వే పాడు నాన్నా."

"నేనా? నా గొంతు నీకు తెలుసు కదే!"

"ఇంట్లోంచి ఒకరు అన్నారు గానీ అమ్మాయే అనలేదుగా డ్వేన్," అంది డార్లీన్, గోడమీది పందెం కాగితంలో పాడేవాళ్ల చోట ఆయన పేరు రాసేస్తూ.

ఆ పై వారం శుక్రవారం, ఫుట్‌బాల్ మైదానంలో నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని మైకు ముందు నిలబడ్డాడు. ఎనిమిది వందల మంది టోపీలు తీసి లేచారు. ఆయన ఎంత పై శ్రుతిలో ఎత్తుకున్నాడంటే, రెండో లైనుకే గొంతు జీరపోయింది. మూడో లైను గుర్తు రాలేదు. జనంలో నాకోసం వెతికాడు.

ఆ లైను నాకు వచ్చు. ఆయన్ని కాసేపు అలాగే నిలబడనిచ్చి, అప్పుడు గట్టిగా అందించాను.