విన్నవారు: రమాదేవి

"రమా, ఆ చివర పట్టిక ఒకటుంది కదా, కొంచెం సర్దేయ్."

హాల్లోంచి గోపీచంద్ కేక వంటింట్లోకి వచ్చేసరికి రమాదేవి ఎండు నెత్తళ్ళ చేపల తలలు గిల్లుతోంది. నెత్తళ్ళ తలలు గిల్లడం, మొగుడి మాటకి తల ఊపడం, ఈ రెంటికీ తల వాడనక్కర్లేదని ఆ ఇంట్లో అందరి నమ్మకం.

సర్దడం! పోర్ట్ బ్లెయిర్‌లో, డిగ్నాబాద్‌లోని ఆ ఇంట్లో ఆవిడ సర్దనిదంటూ లేదు. పొద్దున్నే బట్టలు సర్దుతుంది. అత్తగారి మందులు సర్దుతుంది. మెయిన్‌లాండ్ నుంచి ఓడ ఆలస్యమై ఉల్లిపాయలు దొరక్కపోతే ఉన్నదాంతో కూర సర్దుతుంది. ఎవరైనా మాట జారితే సర్ది చెబుతుంది, ఆ జారిన మాట వచ్చి తన మీదే పడితే సర్దుకుంటుంది. ఇప్పుడు సర్దమంటున్నది గోపీచంద్ సిద్ధాంత గ్రంథం చివర వచ్చే ఆధారాల పట్టిక. ఏ మాట ఏ పుస్తకంలోది, ఏ సంగతి ఎవరు చెబితే తెలిసింది అని ఒప్పుకునే చోటు అది. గోపీచంద్ ఆ ఊళ్ళోనే ఒక కాలేజీలో తెలుగు లెక్చరర్. అండమాన్ తెలుగు మత్స్యకార స్త్రీల జీవితం మీద విశాఖలో ఒక ఆచార్యుల వారి దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఆ ఇంట్లో పరిశోధన ఆయనది, శోధన ఆవిడది. సిద్ధాంతం ఆయనది, సిద్ధాన్నం ఆవిడది. క్రోధాలు ఆయనవి, కామాలు ఆవిడవి. తప్పుగా అనుకోకండి, వాక్యం మధ్యలో పెట్టే కామాలు.

"మా ఆవిడ టైపు కొడుతుందండీ," అంటాడు గోపీచంద్ ఇంటికొచ్చిన వాళ్ళతో. "కామాలూ చుక్కలూ అన్నీ అదే చూసుకుంటుంది." మెచ్చుకున్నాననే ఆయన అనుకుంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా రమాదేవికి ఒకసారి ఆయనకి చుక్కలు చూపించాలనిపిస్తుంది. ఈలోగా కుక్కర్ కూస్తుంది.

ఆవిడ లెక్కల్లో డిగ్రీ చదివింది. పెళ్ళికి ముందు బజార్లో వాళ్ళ నాన్న తాతబ్బాయి నడిపే ప్రెస్సులో అక్షరాలు కూర్చింది. తర్వాత లేటెక్ పట్టింది. అక్షరాల్ని పేజీల్లోకి పొందిగ్గా కూర్చే సాఫ్ట్‌వేర్ అది. పేరులో లేటుంది గానీ లేటంతా గోపీచంద్ గారి గ్రంథంలోనే ఉంది. అప్పట్లో దీవుల్లో ఇంటర్నెట్ అంటే, ఒక పేజీ తెరుచుకునేలోగా కందిపప్పు ఉడికేది. కొన్నాళ్ళు పప్పే ముందు గెలిచేది. మెయిన్‌లాండ్ వాళ్ళు రెడీమేడ్ చొక్కా కొనుక్కున్నట్టు రెడీమేడ్ పట్టిక శైలి ఒకటి దించుకుని తొడిగేసుకుంటారు. ఈవిడకి ఆ అదృష్టం లేదు. ఓడలో వచ్చిన ఎవరో చుట్టం పెన్‌డ్రైవ్‌లో తెచ్చిచ్చిన పాఠాలు పెట్టుకుని, బట్ట కొలుచుకుని, కత్తిరించి, తనే కుట్టింది. పోనీ ఆ రెడీమేడ్‌వి మనకి సరిపోతాయా? మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుందని వాటికి తెలియదు. చివరి ముక్కే ఇంటిపేరనుకుని ప్రతి పేరునీ తలకిందులుగా వేలాడదీస్తాయి. మొదటిసారి అలా నడిపి చూస్తే, పట్టికలోని రావులందరూ ఒకే తల్లి పిల్లల్లా పక్కపక్కన చేరిపోయారు. రమాదేవి పగలబడి నవ్వింది. నవ్వి, కూర్చుని, పేర్లని కాళ్ళ మీద నిలబెట్టింది. అక్షరాలకి మన వరస నేర్పింది, 'తదితరులు' అని దులిపేసే చోట పేర్లన్నీ వచ్చేలా రాసింది. ఆ శైలి ఫైలుతో మొదటి పేజీ అచ్చు తప్పు లేకుండా వచ్చిన రోజున ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెబితే 'కామాలే కదా' అంటారు. ఒక్కతే ఆ కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని చూసుకుంది. చంటిబిడ్డ వేళ్ళు లెక్కపెట్టుకునే తల్లి కూడా అంత ఇదిగా చూసుకోదు.

అసలు కథ దీవుల ఉత్తరాన ఉన్న మాయాబందర్‌లో మొదలైంది. అక్కడి ఒడ్డున చేపలెండబెట్టే ఆడవాళ్ళ మాటలు సేకరించడానికి గోపీచంద్ వెళితే, ఆయన్ని చూడగానే వాళ్ళు ముసుగులు సర్దుకుని 'మా ఆయనొచ్చాక అడగండి సారూ' అన్నారు. రెండో ప్రయాణంలో భార్యని తోడు తీసుకెళ్ళాడు. కాసులమ్మ అని, చేపలెండబెట్టే బల్లలకి ఆవిడే మహారాణి, రమాదేవిని ఎగాదిగా చూసి, "సారుని అరుగు మీద కూకోమను దీదీ," అంది. "మొగోడు ఎదురుగుంటే నోట్లోంచి మొగుడి పేరే వస్తాది గానీ మన మాట రాదు."

సారు అరుగు మీద కూర్చున్నారు. సిగ్నల్ కోసం ఫోన్ ఊపుకుంటూ చాలాసేపే కూర్చున్నారు. లోపల కాసులమ్మ రెండు ఎండుచేపలు తీసి ఒకదాన్ని ఒకదానితో కొట్టింది. "ఇన్నావా? టక్‌మంటే ఎండినట్టు. మెత్తగా అంటే ఇంకో పూట. కళ్ళతో చూస్తే మోసపోతావమ్మా. ఇనాల." రమాదేవి వింది. ఆ ఒడ్డుకి మొదట వచ్చిన ఆడవాళ్ళ గురించి, పడవ తిరిగిరాని రోజుల గురించి, ఏ బల్ల ఎవరిదో ఆడవాళ్ళే కూర్చుని తేల్చుకునే పద్ధతి గురించి రోజుల తరబడి వింది. చివరి రోజు లేవబోతుంటే కాసులమ్మ చెయ్యి పట్టుకుంది.

"పుస్తకంలో నా పేరేస్తారా?"

"వేస్తాం."

"నా పేరే? రేసన్ కారట్లో ఏటుంటాదో ఎరికా? వైఫాఫ్ సూరయ్య. ఆస్పత్రి చీటీలో వైఫాఫ్ సూరయ్య. ఆడు పోయి ఎన్నేళ్ళో అయిపోనాది, నానింకా వైఫాఫే. లైటాఫ్ చేసినట్టు నన్ను వైఫాఫ్ చేసీసినారు."

"నీ పేరే వేస్తాను కాసులమ్మా. నేను వేస్తాను."

"పక్కా?"

"పక్కా."

ఇంటికొచ్చి చూస్తే ఆ శైలిలో కాసులమ్మకి చోటు లేదు. పుస్తకానికి ఉంది, వ్యాసానికి ఉంది, ఉపన్యాసానికి ఉంది, నోటితో చెప్పిన మనిషికి లేదు. అందుకని రమాదేవి ఒక కొత్త రకం ఆధారాన్ని తయారు చేసింది. చెప్పినవారు, చెప్పిన సంగతి, ఊరు, దాని కింద విన్నవారు. 'విన్నవారు' గడి ఖాళీగా ఉంటే ఆ ఆధారం అచ్చు కాకుండా నియమం పెట్టింది. వినకుండానే విన్నట్టు రాసేవాళ్ళు ఉంటారని ఆవిడకి తెలుసు, ఒకరితో కాపురం చేస్తోంది కదా. కాసులమ్మనీ, ఆ ఒడ్డు ఆడవాళ్ళందరినీ ఒక్కొక్కరిగా ఎక్కించింది. విన్నవారు దగ్గర నిజమే రాసింది.

నెత్తళ్ళు కడిగిపెట్టి, చేతులు తుడుచుకుని, 'సర్దిన' పట్టిక అచ్చు తీసి భర్త చేతిలో పెట్టింది. ఆయన చదువుతూ చదువుతూ కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇదేంటి రమా? గైడు గారి పుస్తకం పైన కాసులమ్మ వచ్చింది!"

గైడు గారి ఇంటిపేరు కొత్తకోట. "అక్షరాల వరసండీ. 'కా' తర్వాతే 'కొ' వస్తుంది."

"ఎండుచేపలు అమ్ముకునేదాన్ని తీసుకెళ్ళి ఆచార్యుల నెత్తిన కూర్చోబెడతావా?"

"నేను కూర్చోబెట్టలేదండీ, ఓనమాలు కూర్చోబెట్టాయి."

"పైగా 'విన్నవారు: రమాదేవి' అట! నవ్విపోతారు. ఈ గోలంతా తీసేసి 'క్షేత్ర పర్యటన, మాయాబందర్' అని ఒక్క ముక్క పెట్టు చాలు. సాయంత్రంలోగా గైడు గారికి పంపాలి."

ఇరవై ఏళ్ళుగా 'సరే' అనడానికి అలవాటు పడ్డ నాలుక ఆ మాట దాకా వచ్చి ఆగింది. ఒడ్డున చెయ్యి పట్టుకుని 'పక్కా?' అన్న గొంతు ఇంకా చెవిలోనే ఉంది. రమాదేవి కొంగు దులుపుకుంది.

"నేను తీయను. మాటిచ్చాను. తీయాలంటే మీరే తీసుకోండి," అని చెప్పి, ఫీనిక్స్ బే జెట్టీకి బయల్దేరింది. మాయాబందర్ నుంచి వచ్చే బోటులో కాసులమ్మ ఎండుచేపల మూట పంపుతానంది.

మూట చంకన పెట్టుకుని ఆవిడ తిరిగొచ్చేసరికి ఇంట్లో తుఫాను హెచ్చరిక ఎగరేసినట్టుంది. గోపీచంద్ చెమటలు కక్కుతున్నాడు. అత్తగారు చిట్టితల్లి కుర్చీ లాక్కుని కొడుకు వెనకాల కూర్చుని కంప్యూటర్‌ని సినిమాలా చూస్తోంది. పేరులో చిట్టి ఉంది గానీ ఆవిడ నోట్లో ఉన్నది పెద్ద చిట్టా.

"ఏట్రా గోపీ ఈ గేలాలు? కాయితం నిండా గేలాలే!"

నిజంగానే గేలాలు. ప్రతి పేజీలో, వాక్యం చివర, నల్లగా, లావుగా, బ్రాకెట్లో ప్రశ్నార్థకం. గోపీచంద్ తనే పట్టికలోంచి ఆ ఆడవాళ్ళందరినీ తీసేశాడు. గ్రంథం లోపల మాత్రం ప్రతి ముఖ్యమైన మాటా వాళ్ళనే చూపిస్తోంది. చూపించిన చోట మనుషులు లేకపోయేసరికి సాఫ్ట్‌వేర్ ప్రతిచోటా ఒక గేలం వేసి కూర్చుంది.

"వైరస్ పట్టింది రమా! నీ సాఫ్ట్‌వేర్ పాడైపోయింది!"

"పాడవలేదండీ. ఎవరు చెప్పారు అని అడుగుతోంది, అంతే." ఆవిడ మూట దించి, స్క్రీన్ దగ్గరికి వంగి చదివింది. "'చేప ఎండిందో లేదో చప్పుడును బట్టి నిర్ణయిస్తారు,' గేలం. 'ఒడ్డున బల్లల హద్దులు స్త్రీలే తేల్చుకుంటారు,' గేలం. మూడో అధ్యాయం మొత్తం గేలాలే. ఇదిగో, ఈ వాక్యానికి గేలం లేదు. 'సముద్రం అనాదిగా మానవునికి జీవనాధారం.' ఇది గైడు గారిది."

చిట్టితల్లి కిసుక్కుమంది. గోపీచంద్ తల్లి వంక చూసి, భార్య వంక చూసి, గొంతు తగ్గించాడు.

"సరే, వాళ్ళ పేర్లు మళ్ళీ పెట్టేయ్. నీ పేరు ఒక్కటీ తీసేయ్. ముందుమాటలో 'సహకరించిన అర్ధాంగికి' అని రాశాను కదా."

"తీస్తే ఆ గడి ఖాళీ అవుతుంది. గడి ఖాళీ అయితే వాళ్ళెవరూ అచ్చు కారు. మళ్ళీ గేలాలే."

"అయితే ఆ గడిలో నా పేరు పెట్టేస్తే? పనిచేస్తుందా?"

పనిచేస్తుంది. ఆ సంగతి రమాదేవికి తెలుసు. యంత్రం ఖాళీని పట్టుకుంటుంది గానీ అబద్ధాన్ని పట్టుకోదు. ఆ క్షణంలో ఆవిడకి తెలిసింది, తను రాసిన నియమాలేవీ తనని ఇక్కడ కాపాడవని, ఇది తను నోటితో చెప్పాల్సిన మాటేనని. ఇంతకాలం తన పనికి కామాలని పేరు పెట్టినప్పుడు ఊరుకుంది. కామా అంటే ఆగడమే, అయిపోవడం కాదు. ఇవాళ ఆవిడకి సిగ్గూ లేదు, కోపమూ లేదు. అచ్చైన మొదటి కాగితాన్ని వెలుతురుకి పట్టుకున్న నాటి గర్వం లోపలినుంచి వెన్నెముకలా లేచి నిలబడింది. ఆ శైలి తనది. ఆ వినడం తనది.

మూట విప్పి రెండు ఎండుచేపలు తీసింది. ఆయన చెవి పక్కన ఒకదాన్ని ఒకదానితో కొట్టింది.

"ఏమన్నాయండీ ఇవి?"

గోపీచంద్ బిత్తరపోయాడు. "చేపలు అనడమేంటి?"

"వైవాలో ఇదే అడుగుతారు. మీ మూడో అధ్యాయంలో మీరే రాశారు, చప్పుడును బట్టి తెలుస్తుందని. ఎండాయా, ఎండలేదా? విన్నవారైతే చెప్పండి."

ఆయన చేపల వంక చూశాడు. ఇంకోసారి కొట్టమన్నట్టు వేలు ఆడించాడు. ఆవిడ కొట్టింది. ఆయన చెవి రిక్కించాడు, పాపం, నిజంగానే ప్రయత్నించాడు.

"...ఎండాయి?"

"బోటులో చెమ్మ తగిలింది. ఇంకో పూట పడుతుంది."

"నువ్వెక్కడిన్నావురా నాయనా," అంది చిట్టితల్లి. "బయట కూకున్నానని నువ్వే కదా వచ్చి సెప్పినావు, దోమలు కుట్టీసినాయని! ఒసే రమా, నీ పేరే ఉంచు. ఆడినేటి అడుగుతావు?"

రమాదేవి ఎవరినీ అడగలేదు. కుర్చీలో కూర్చుని ఆ ఆడవాళ్ళని ఒక్కొక్కరినీ వాళ్ళ వాళ్ళ చోటుకి తెచ్చింది, సాఫ్ట్‌వేర్‌ని మళ్ళీ నడిపింది. గేలాలు ఒక్కటీ మిగల్లేదు. కాసులమ్మ, ఎండుచేపల పరీక్ష, మాయాబందర్. విన్నవారు: రమాదేవి. దాని కింద, వరస తప్పకుండా, ఆచార్య కొత్తకోట. తనే గైడు గారికి పంపించింది. తర్వాత కాసులమ్మకి ఫోన్ చేసి ఆ ముక్క చదివి వినిపించింది. "ఇంకోపాలి సదువు దీదీ," అందావిడ. చదివింది. "వైఫాఫ్ లేదు కదా?" "లేదు." అవతల ఆవిడ ఒడ్డున ఎవరినో గట్టిగా కేకేస్తూ పిలవడం వినిపించింది. "ఇంకోపాలి సదువు, ఈళ్ళు కూడా ఇంటారు."

గైడు గారు గొణిగి ఒప్పుకున్నారు. తన పుస్తకాలు మరికొన్ని పట్టికలో చేర్చమన్నారు, ఆ ఒడ్డు ఆడవాళ్ళ మీద ఇంకో అధ్యాయం రాయమన్నారు. ఆ కబురు పట్టుకుని గోపీచంద్ వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. అక్కడ ఆయన నిలబడడం ఆ ఇంట్లో వింతే.

"రమా, మళ్ళీ మాయాబందర్ వెళ్ళాలిట. నువ్వొస్తేనే వాళ్ళు మాట్లాడతారు. ఎప్పుడు వీలవుతుంది నీకు?"

"నేనెలాగూ వచ్చే వారం వెళ్తున్నానండీ. నా టికెట్ తీసేసుకున్నాను." ఆవిడ తల గిల్లిన నెత్తళ్ళని గిన్నెలోకి వేసి, మిగిలినవి ఆయన ముందుకి జరిపింది.

"ఎందుకు?"

"నా పుస్తకానికి. మీరూ రావచ్చు. కానీ బయట కూర్చోవాలి."