చేపల వాసన రావాల్సిన పిల్లాడు

ఐదో తరగతి గది తుడుస్తూ తుడుస్తూ సబ్రియా మూడో వరుసలో ఆగిపోయింది. బెంచీ అరలో ఒక పాలిథిన్ సంచి. లోపల పసుపుపచ్చ జిగురు ఎండి అట్టకట్టింది. అది నబీహ్ కూర్చునే చోటు.

ఈజిప్టులోని ఆ దమియెట్టా ఊళ్ళో వీధికి పది వడ్రంగి దుకాణాలు. బడిలో సగంమంది పిల్లల చొక్కాలు జిగురు కంపు కొడతాయి. పంతుళ్ళ ముక్కులకు అది ఎప్పుడో అలవాటైపోయింది. ముప్పై ఏళ్ళుగా బెంచీలు తుడుస్తున్న సబ్రియాకు మాత్రం ఏ పిల్లాడు ఏం తిన్నాడో, ఏం దాచాడో అరలు చూస్తేనే తెలిసిపోతుంది. నెల రోజులుగా నబీహ్ బడిలో ఏమీ తినడం లేదు. కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి. మొన్న రెండో తరగతి పిల్లాడి చెవి మెలిపెట్టి పెన్సిళ్ళ డబ్బా లాక్కున్నాడు. రేపటినుంచి ఆమెకు బడి లేదు, అరవై నిండాయి. ఇవాళ చెప్పకపోతే ఇక వాణ్ణి పట్టించుకునేవాళ్ళు లేరు.

మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కి రాగిబ్ పంతులు ముందు సంచి పెట్టి, నబీహ్ బెంచీలో దొరికిందని, వాడి దగ్గర ఇదే వాసనని చెప్పింది.

"జిగురు వాసనా? మన ఊళ్ళో మల్లెపూల వాసనొస్తే చెప్పు ఖాలా, పోలీసుల్ని పిలుద్దాం," అని నవ్వాడాయన.

"వాళ్ళ నాన్నది పడవ, బాబూ. వాడి దగ్గర రావాల్సింది చేపల వాసన. మత్తుకోసం జిగురు పీలుస్తున్నాడు."

పంతులు నవ్వు ఆగిపోయింది. మొక్కై వంగనిది మానై వంగదని వడ్రంగుల ఊళ్ళో ఒకరు చెప్పాలా? వెంటనే వాడి తండ్రికి రేవుకు కబురు పంపాడు.

వరండాలో కూర్చోబెట్టిన నబీహ్ ఆమెను చూసి పళ్ళు కొరికాడు. "నువ్వే చెప్పావు కదూ, ముసలిదానా! చీపురు పట్టుకునేదానివి, నా గొడవ నీకెందుకు?"

"నేనే చెప్పాను నాన్నా."

పిల్లలు లేని సబ్రియాకు మనసు చివుక్కుమంది. నన్ను తిట్టుకుంటే తిట్టుకున్నాడు, వాడు బాగుపడితే చాలనుకుంది. తనకోసం తెచ్చుకున్న వడలు పెట్టిన రొట్టెను కాగితంతో సహా వాడి పక్కన పెట్టింది. వాడు ముఖం తిప్పుకున్నాడు.

బడి వదిలాక గేటు దగ్గర పిల్లలు చేతులూపారు. ఆమె కూడా చెయ్యి ఊపి, వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయింది. కాసేపటికి నబీహ్ తండ్రి తడిసిన పొడవాటి గలాబియా అంగీతో పరుగున వచ్చాడు. కొట్టలేదు, తిట్టలేదు, కొడుకు పక్కన కూలబడి తల పట్టుకున్నాడు. ఇద్దరి మధ్యా కాగితంలో చుట్టిన రొట్టె, విప్పకుండా అలాగే ఉంది.